వెంకటేశ్వర్లు తగ్గారు, ‘వెంకట’ తగ్గలేదు

ఇప్పటి ఒకటో తరగతి హాజరు పట్టీలో వెంకటేశ్వర్లు అనే పేరు దొరకడం కష్టం. నలభై ఏళ్ళ కిందట తెలుగు ఊళ్ళలో ఒక్కో క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు, మాస్టారు ఇంటిపేరు పెట్టి పిలిస్తే తప్ప ఎవరు లేచి నిలబడాలో తెలిసేది కాదు. అందుకే ఈ పేరు పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ అదే ఒకటో తరగతి పిల్లల ఆధార్ కార్డుల్లో పూర్తి పేరు చదివితే ఇంటిపేరుకీ, పిలిచే పేరుకీ మధ్య ‘వెంకట’ చాలాచోట్ల కనిపిస్తుంది. అది అక్కడికి ఎలా చేరింది, అసలు ఎక్కడి నుంచి వచ్చింది అన్నదే ఈ వ్యాసం.

క్లుప్తంగా చెప్పాలంటే: వెంకట అనేది మొదట ఒక కొండ పేరు. కొండ మీది దేవుడికి ఆ పేరు వచ్చింది, విజయనగర కాలానికల్లా రాజకుటుంబాల్లో మనుషుల పేరైంది, తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల తరతరాలకీ పాకింది. ఇరవయ్యో శతాబ్దం చివర్లో పిలిచే పేరుగా వెనకబడింది గానీ, మధ్య పేరుగా, ఇనీషియల్‌గా నిలిచిపోయింది.

మొదట ఇది కొండ పేరు

రాముడు, కృష్ణుడు, శివుడు అనే పేర్లకి ఆధారం పురాణాలూ ఇతిహాసాలూ. వెంకట దారి వేరు. విష్ణు సహస్రనామంలో గోవింద ఉంది, శ్రీనివాస ఉంది, వేంకటేశ మాత్రం లేదు. ఎందుకంటే ఇది దేశమంతా వాడిన దైవనామం కాదు, ఒక చోటుకి చెందిన పేరు. తిరుమల కొండల పాత పేరు వేంగడం.

ఈ పేరు పాత తమిళ సాహిత్యంలో పదేపదే వస్తుంది. తొల్కాప్పియం అనే పాత వ్యాకరణానికి ముందుమాటగా ఉన్న పద్యంలో తమిళం మాట్లాడే నేలకి హద్దులు చెబుతూ ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి (కన్యాకుమారి) అన్నారు. తమిళంలో తొలినాటిదైన సంగం కాలపు పద్యాల్లో పుల్లి అనే నాయకుడి కొండగా వేంగడం కనిపిస్తుంది, ఆ కొండ దాటితే ‘భాష మారే దేశం’ వస్తుందని కూడా ఆ కవులు చెప్పారు. ఆ భాష మారే దేశం మనదే. అంటే తెలుగు నేలకి గుమ్మంలాంటి కొండ పేరు ఇది. తెలుగువాళ్ళు తమ పిల్లలకి అంత విస్తారంగా పెట్టుకున్న పేరు రెండు భాషల సరిహద్దులో పుట్టడం ఈ చరిత్రలో గమనించాల్సిన సంగతి.

ఆ తర్వాతి కాలపు తమిళ కావ్యం శిలప్పదికారంలో వేంగడం కొండ మీద శంఖచక్రాలతో నిలుచున్న విష్ణువు వర్ణన ఉంది. తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లు ఆ దేవుడి మీద పాశురాలు (భక్తి పద్యాలు) పాడారు. శాసనాల్లో దేవుణ్ణి ‘తిరువేంగడముడైయాన్’ అన్నారు, అంటే వేంగడం కొండ గలవాడు అని. వేంకటేశ్వరుడు అన్న సంస్కృత రూపానికీ అర్థం అదే, వేంకటానికి ఈశ్వరుడు. పేరులో కొండదే మొదటి చోటు.

‘వేం’ అంటే పాపమా, వేడా?

పేరుకి అర్థం వెతికేవాళ్ళకి ఎక్కువగా దొరికే వివరణ ఒకటుంది: వేం అంటే పాపాలు, కట అంటే కాల్చేది, కాబట్టి వేంకటం అంటే పాపాలను కాల్చేసే కొండ. ఈ వివరణ స్థల పురాణాల్లో శ్లోకంగానే ఉంది, ‘సర్వపాపాని వేం ప్రాహుః కటస్తద్దాహ ఉచ్యతే’ అని. అదే సంప్రదాయంలో వేం అంటే అమృతం, కట అంటే ఐశ్వర్యం అనే ఇంకో వివరణ కూడా ఉంది. ఒకే పేరుకి రెండు వేర్వేరు విడదీతలు ఉన్నాయంటేనే అసలు సంగతి అర్థమవుతుంది. పేరు ముందే ఉంది, భక్తులు దానికి తమ అనుభవానికి తగ్గ అర్థం తర్వాత చెప్పుకున్నారు. మామూలు సంస్కృతంలో పాపానికి ‘వేం’ అనే మాట ఎక్కడా వాడరు.

భాష వైపు నుంచి చూసేవాళ్ళు ఇది ద్రావిడ పదమంటారు. వేగు, వేడి, వెచ్చన, తమిళంలో కాలడం అనే అర్థంలో వచ్చే ‘వే’ ఇవన్నీ ఒక కుటుంబం. ‘కడం’ అంటే తమిళంలో ఎండి మోడైన అడవిదారి. రెండూ కలిస్తే ఎండకి కాలిపోయే అడవిదారి, అలాంటి దారి ఉన్న కొండ. సంగం కవులు వేంగడాన్ని బాటసారులు కష్టపడి దాటే చోటుగా వర్ణించారు కాబట్టి ఈ వివరణ ఆ వర్ణనకి బాగానే సరిపోతుంది. పురాణం చెప్పినా, భాషాశాస్త్రం చెప్పినా కాలడం అన్న అర్థం మాత్రం రెండిట్లోనూ ఉంది.

ఇక్కడే ఇంకో చిన్న విషయం, వేంకటా వెంకటా అని. సంస్కృతంలో హ్రస్వ ఎకారం లేదు కాబట్టి ఆ భాషలో రాసేటప్పుడు ఎప్పుడూ ‘వేం’ అనే రాస్తారు. తెలుగు నోట్లో అది పొట్టిదై వెంకట అయింది, పల్లెల్లో వకారం కూడా జారిపోయి ఎంకట, ఎంకన్న, ఎంకటి అయింది. వేంకటేశ్వరుడు అని దేవుడికి, వెంకటేశ్వర్లు అని మనిషికి రాయడం ఇప్పుడు చాలామందికి అలవాటు. ఏదీ తప్పు కాదు.

రాజుల ఇళ్ళలోకి ఎప్పుడొచ్చింది

ఆళ్వార్ల కాలం నుంచీ గుడి ఉంది కదా, మరి తెలుగువాళ్ళలో ఈ పేరు అప్పటినుంచే ఉందా అంటే, పెద్దగా కనిపించదు. పదకొండు నుంచి పదిహేనో శతాబ్దం మధ్య తెలుగు కవుల పేర్లు ఒకసారి చూడండి: నన్నయ, తిక్కన, కేతన, మారన, ఎఱ్ఱన, మంచన, పోతన. కాకతీయ రాజుల్లో బేతరాజు, ప్రోలరాజు, రుద్రదేవుడు, గణపతిదేవుడు. పొట్టి దేశి పేర్లు, శైవ పేర్లు ఎక్కువ. వెంకట ఈ పట్టికలో లేదు.

విజయనగర కాలంలో పరిస్థితి మారుతుంది. శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) తిరుమలకి ఏడుసార్లు వచ్చాడని శాసనాలు చెబుతున్నాయి. ఆయన కొడుకు పేరు తిరుమలరాయలు. తర్వాత గద్దెనెక్కిన అచ్యుతదేవరాయల కొడుకు వెంకటాద్రి. 1565లో తళ్ళికోట యుద్ధంలో పోరాడిన అళియ రామరాయల తమ్ముళ్ళు తిరుమలరాయలు, వెంకటాద్రి. ఒకే ఇంట్లో అన్నదమ్ములకి ఒకే క్షేత్రానికి చెందిన రెండు పేర్లు పెట్టారంటే ఆ క్షేత్రం రాజకుటుంబానికి ఎంత దగ్గరైందో తెలుస్తుంది. ఆ అన్నదమ్ముల అరవీటి వంశంలోనే వెంకటపతిరాయలు (1586–1614) పెనుకొండ, చంద్రగిరి నుంచి పాలించాడు, ఆయన నాణేల మీద ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అని ఉండేది. రాజు పేరూ, నాణెం మీద దేవుడి పేరూ ఒకటే అయ్యాక అది సామంతుల ఇళ్ళలోకీ, దండనాయకుల ఇళ్ళలోకీ, వాళ్ళ కింద ఉన్న ఊరి పెద్దల ఇళ్ళలోకీ దిగడానికి ఎక్కువ కాలం పట్టదు.

రాజుల పక్కనే పాట కూడా ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) జీవితమంతా తెలుగులో పదాలు కట్టి, దాదాపు ప్రతి పదం చివరా వేంకటేశుణ్ణి తలిచాడు. తమిళ పాశురాల్లో ఉన్న కొండ తెలుగు మాటల్లోకి పూర్తిగా వచ్చింది ఇక్కడే. ఆయన మనవళ్ళలో ఒకాయన పేరు చినతిరువేంగళనాథుడు. ఇందులో ఉన్న ‘వేంగళ’ రూపమే తర్వాత వెంగళరావు, వెంగళప్ప, వెంగళరెడ్డి అయింది. 1973 నుంచి 1978 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు పేరులో ఉన్నది ఆ పాత రూపమే.

పదిహేడో శతాబ్దంలో తంజావూరు కొలువులో చేమకూర వేంకటకవి, పద్దెనిమిదో శతాబ్దం చివర అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు... ఇక ఆ తర్వాత లెక్కపెట్టడం అనవసరం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల వారి పేరు తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వారి పేరు వెంకటశాస్త్రి. ఇద్దరి పేర్లూ ఒక్క కొండవే.

ఒక్క మాటకి ఎన్ని తోకలు

వెంకట అంత దూరం పాకడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, ఆ మాట నిర్మాణం కూడా సాయపడింది. దాని చివర ఏది తగిలించినా అతుక్కుంటుంది. వెంకయ్య, వెంకన్న, వెంకటప్ప, వెంకటస్వామి, వెంకటరమణ, వెంకటరత్నం, వెంకటపతి, వెంకటాచలం, వెంకట్రావు, వెంకటరెడ్డి, వెంకటరాజు, వెంకటనాయుడు, వెంకటశాస్త్రి. ఆడపిల్లలకి వెంకమ్మ, వెంకాయమ్మ, వెంకటలక్ష్మి, వెంకటరత్నమ్మ. చివర వచ్చే మాట కులాన్నో, ప్రాంతాన్నో, తరాన్నో చెబుతుంది, ముందున్న మాట అందరికీ ఉమ్మడి. ఇంత మంది వేర్వేరు కులాల వాళ్ళు ఒకే మూలం నుంచి పేర్లు పెట్టుకోవడం తెలుగు సమాజంలో అరుదు.

వెంకటేశ్వర్లు అనే రూపం గురించి కాస్త ఆగి చెప్పాలి. చివర ఉన్న ‘లు’ బహువచనం, ఇక్కడ గౌరవం కోసం వచ్చింది. శ్రీరాములు, ఆంజనేయులు, శ్రీనివాసులు కూడా అలాంటివే. దేవుణ్ణి ఏకవచనంతో పిలవకూడదన్న మర్యాద పిల్లాడి పేరులోకి కూడా వచ్చేసింది. తమిళంలో వెంకటేశన్, వెంకటరామన్, కన్నడంలో వెంకటేశ, వెంకప్ప, మరాఠీలో వ్యంకటేశ్ ఉన్నాయి గానీ, వెంకటేశ్వర్లు అని విన్నారంటే ఆ మనిషి తెలుగువాడే. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు, ఖమ్మం వైపు ఈ రూపం బాగా వినబడుతుంది, తెలంగాణలో చాలాచోట్ల వెంకటేశం, రాయలసీమలో వెంకటరమణ.

మూలమాట లేకుండా అదే దేవుణ్ణి చెప్పే పేర్లు ఇంకో వరస. ఏడుకొండలు, తిరుపతయ్య, తిరుమలరావు, శ్రీనివాసరావు, గోవిందు, మంగపతి. ఏడు కొండల్లో శేషాద్రి, వెంకటాద్రి మాత్రమే మనుషుల పేర్లుగా బాగా నిలబడ్డాయి, మిగతావి పెద్దగా కుదరలేదు. (నారాయణాద్రి రైలుకి కుదిరింది.) బాలాజీ అన్నది ఉత్తరాది వాడుక. 1843 నుంచి 1933 దాకా ఆలయ పాలన చూసిన హథీరాంజీ మఠం ఆ సంప్రదాయానిదే, ఆ పేరు తెలుగు పిల్లలకి పెట్టడం మాత్రం మరీ పాత అలవాటు కాదు.

ఎంత మామూలు పేరైందంటే, ‘వెంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చింది’ అనే సామెతలో ఎవరో ఒకరు అనడానికి వెంకి, సుబ్బి సరిపోయారు. వెంగళప్ప అన్నది అమాయకుడికి మారుమాటైంది. ఊరంతా ఉన్న పేరుకే ఇలా జరుగుతుంది.

మిగతా క్షేత్రాల పేర్లు ఎందుకు ఊరు దాటలేదు

తెలుగువాళ్ళకి క్షేత్రం పేరు పిల్లలకి పెట్టడం కొత్త కాదు. సింహాచలం, అప్పన్న అని విశాఖ, శ్రీకాకుళం వైపు పెడతారు. యాదగిరి, యాదయ్య అంటే హైదరాబాదు, నల్లగొండ ప్రాంతం. వేములవాడ చుట్టూ రాజయ్య, రాజన్న. కోటప్పకొండ చుట్టూ కోటయ్య, కోటేశ్వరరావు. అహోబిలం వల్ల రాయలసీమలో ఓబయ్య, ఓబులేసు, ఓబుల్‌రెడ్డి. ఈ పేర్లు వింటే మనిషిది ఏ వైపో సుమారుగా చెప్పేయొచ్చు. వెంకయ్య అంటే చెప్పలేం.

తేడా ఎక్కడుందంటే, మిగతా దేవుళ్ళు తమ క్షేత్రంలోనే ఎక్కువగా ఉండిపోయారు, వెంకన్న మాత్రం ప్రతి ప్రాంతంలో ఒక సొంత కొండ సంపాదించుకున్నాడు. ఏలూరు వైపు ద్వారకా తిరుమల ఉంది, జనం దాన్ని చిన్న తిరుపతి అనే పిలుస్తారు. ఖమ్మం జిల్లాలో జమలాపురం, పాలమూరులో మన్యంకొండ, కురుమూర్తి, గోదావరి ఒడ్డున వాడపల్లి, కడపలో దేవుని కడప, హైదరాబాదు శివార్లలో చిలుకూరు. పెద్ద తిరుపతి వెళ్ళలేనివాళ్ళు దగ్గర్లో ఉన్న కొండకి మొక్కుకున్నా బిడ్డ పేరు వెంకటే. ఒక్క కేంద్రం, ప్రతి జిల్లాలో దాని శాఖలు ఉండటం వల్ల పేరు ఏ ఒక్క జిల్లాకీ కట్టుబడలేదు.

దారి కూడా ఒక కారణమే. 1933లో చట్టం ద్వారా తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడింది, 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు, 1974లో రెండోది వచ్చింది. అంతకుముందు కాలినడకనో డోలీలోనో ఎక్కాల్సిన కొండ బస్సుకి అందింది. పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకి వెళ్ళడం మామూలు కుటుంబాలకి సాధ్యమైంది. కానీ గమనించాల్సింది ఏమిటంటే, పేరు అప్పటికే ఊరూరా ఉంది. ఘాట్ రోడ్డు దానికి బలం ఇచ్చింది గానీ పుట్టించలేదు.

తాత పేరే తిరిగి తిరిగి

ఒక పేరు పదితరాలు నిలవాలంటే ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దాన్ని కొత్తగా ఎంచుకోవాల్సిన అవసరం లేకుండా ఉండాలి. తెలుగు కుటుంబాల్లో పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టే ఆచారం ఆ పని చేసింది. తాత వెంకటప్పయ్య అయితే మనవడు వెంకటప్పయ్యే. ఇద్దరు కొడుకులుంటే ఇద్దరూ తమ పెద్ద కొడుక్కి అదే పేరు పెడతారు, కాబట్టి ఒక తాత పేరు ఇద్దరు ముగ్గురు మనవళ్ళకి చేరుతుంది. ఎక్కువ సంతానం ఉన్న కాలంలో ఈ లెక్క ఎలా పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

దీనితోపాటు ఇంకో ఆచారం ఉంది. కోడలు మామగారి పేరు పలకకూడదు. కన్నకొడుక్కి మామగారి పేరే పెడితే వాణ్ణి పిలవడం ఎలా? అందుకే ఇంట్లో పెద్దోడు, చిన్నోడు, అబ్బాయి, బుజ్జి, నాని అనే పిలుపులు. అసలు పేరు బడిలో, పొలం కాగితాల్లో, పెళ్ళి శుభలేఖలో మాత్రమే. రాసే పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి కావడం ఇంగ్లీషు చదువులతో వచ్చింది కాదు, ఈ ఏర్పాటు ముందునుంచే ఉంది. వెంకట తర్వాతి కాలంలో మధ్య పేరుగా ఒదిగిపోవడానికి ఇదే చోటు చేసిపెట్టింది.

ఇలవేల్పు లెక్క కూడా కలిసింది. ఇంటి దేవుడు వెంకన్న అయితే పుట్టిన ప్రతి బిడ్డకీ ముందు వెంకట తగిలించి, తర్వాత ఇష్టమైన పేరు పెట్టారు. వెంకట సుబ్బయ్యలో ఇద్దరు దేవుళ్ళు, వెంకట శివారెడ్డిలో హరీ హరుడూ ఉన్నారు. గురజాడ అప్పారావు పూర్తి పేరు గురజాడ వెంకట అప్పారావు, గిడుగు రామమూర్తి పూర్తి పేరు గిడుగు వెంకట రామమూర్తి. లోకం ఆ ఇద్దర్నీ వెంకట అనే మాట లేకుండానే గుర్తుపెట్టుకుంది. అంటే నూట యాభై ఏళ్ళ కిందటే వెంకట చాలామందికి పలకని పేరు.

పైకి కనిపించని ‘వి’

రాష్ట్రపతి వి.వి. గిరిలో రెండో వి వెంకట, వరాహగిరి వెంకట గిరి. ప్రధాని పి.వి. నరసింహారావు, పాములపర్తి వెంకట నరసింహారావు. క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్, వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. సి.వి. రామన్‌లో కూడా వి వెంకటే. ఇంకో పక్క పింగళి వెంకయ్య, కొండా వెంకటప్పయ్య, ఘంటసాల వెంకటేశ్వరరావు, ముప్పవరపు వెంకయ్య నాయుడు లాంటివాళ్ళలో పేరు పూర్తిగా బయటే ఉంది. కె.వి., జి.వి., ఎం.వి. అని మొదలయ్యే తెలుగు పేర్లు కనబడితే ఆ వి వెంకట అయ్యుండే అవకాశం బాగా ఎక్కువ, వీర, విజయ, విశ్వ కూడా కావచ్చు అనుకోండి.

1970ల తర్వాత పిలిచే పేరుగా ఇది తగ్గడానికి కారణాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పిల్లలు ఇద్దరికి తగ్గారు, దాంతో తాత పేరు పెట్టే అవకాశాలూ తగ్గాయి, ఉన్న ఒక్క అబ్బాయికి అమ్మానాన్నలు తమకి నచ్చిన పేరు పెట్టుకోవాలనుకున్నారు. పట్నాలకి వలస వెళ్ళినవాళ్ళకి చివర అయ్య, ఉలు ఉన్న పేర్లు పల్లెటూరివిగా అనిపించాయి, సినిమాల్లో హాస్యపాత్రలకి అలాంటి పేర్లే పెట్టడం ఆ భావాన్ని ఇంకా పెంచింది. ఇది అన్యాయమే, కానీ జరిగింది. మొదట వెంకటేశ్వర్లు కాస్తా వెంకటేశ్, వెంకట్ అయ్యాడు, శ్రీనివాసులు శ్రీనివాస్ అయ్యాడు. తర్వాత తరంలో సాయి వచ్చి చేరింది. ఇప్పుడు జన్మనక్షత్రం అక్షరం చూసుకుని, ఏ రాష్ట్రంలోనైనా నోరు తిరిగే రెండు మూడు అక్షరాల పేరు నెట్‌లో వెతుక్కుంటున్నారు. అయినా పెద్దవాళ్ళ మాట కాదనలేక, మొక్కు వదులుకోలేక, ముందు వెంకట పెడుతున్నారు. దేవుడికి ఇవ్వాల్సింది ఇచ్చినట్టూ ఉంటుంది, పిల్లాడికి కొత్త పేరూ ఉంటుంది.

ఫారాల దగ్గర వచ్చే టెన్షన్

ఈ సర్దుబాటు ఇంట్లో బాగానే నడిచింది, కాగితాల దగ్గర మాత్రం చిక్కు తెచ్చింది. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, వెంకట మధ్యలో, పిలిచే పేరు చివర. పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, మిగతా పేరంతటికీ ఇంకో గడి. ఆ రెండో గడిలో మొదట ఉండేది వెంకట. అమెరికాలో ఆఫీసులు, బ్యాంకులు, ఆసుపత్రులు ఆ గడిలో మొదటి మాటనే మనిషి పేరుగా తీసుకుంటాయి. ఇంట్లో పుట్టినప్పటినుంచీ ఎవరూ పిలవని మాటతో అక్కడ రోజూ పిలుస్తారు. ఒకే టీములో ముగ్గురు వెంకటలు ఉండటం తెలుగువాళ్ళు పనిచేసే చోట అందరికీ తెలిసిన సంగతే.

స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. వెంకటేశ్వర్లులో ‘శ్వ’కి ఇంగ్లీషులో ఎస్ ఒక్కటే రాసేవాళ్ళున్నారు, ఎస్ పక్కన హెచ్ పెట్టేవాళ్ళున్నారు, వెంకట చివర ‘ఎ’ ఉంచేవాళ్ళూ తీసేసేవాళ్ళూ ఉన్నారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా, ఆధార్‌లో మరోలా ఉంటే పి.ఎఫ్. డబ్బు దగ్గర నుంచి వీసా దాకా ఆగిపోతుంది. కొన్ని కాగితాల్లో వెంకట పూర్తిగా, కొన్నిట్లో ‘వి’ అని మాత్రమే ఉండటం అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది. పిల్లలకి ఈ పేరు పెట్టాలనుకునేవాళ్ళు భయపడి మానుకోవాల్సిన పని లేదు. పుట్టిన సర్టిఫికెట్ తీసుకునే రోజే ఇంగ్లీషు అక్షరాలు తేల్చుకుని, అన్ని కాగితాల్లో పూర్తిగా అదే రాయిస్తే చాలావరకు సరిపోతుంది. విదేశాలకి వెళ్తే అక్కడ పిలిపించుకోవాలనుకునే పేరు ఏదో ముందే అనుకుని, పేరు గడిలో దాన్ని మొదట ఉంచి వెంకటని రెండో మాటగా పెట్టించుకునే కుటుంబాలు ఇప్పటికే కనిపిస్తున్నాయి.